లోపలి అంచు

పడవ ఎక్కే ముందు కాళ్లు కడుగుతారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

లక్సెట్టిపేట దాటాక బస్సు దింపిన రేవులో, మెత్తటి ఒండ్రు మీద వెదురు తడకలు పరిచి ఉన్నాయి. వాటి చివర పడవకు ఆనించిన చెక్క. చెక్క పక్కన ఒక ముసలామె రాగి చెంబు పట్టుకొని గొంతుకూచుని ఉంది. నుదుటి మీద, మోచేతుల దాకా పచ్చబొట్లు. చీరను గోచీ పెట్టి కట్టింది. చెప్పులు చేతపట్టుకొని ముందు నిలబడిన ప్రతి మనిషి పాదాల మీద నీళ్లు పోసి, చేతులు జోడించి "రాం రాం" అంటోంది. పక్కన మేనేజర్ శ్యాంసుందర్ ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు.

"అడవి బిడ్డల స్వాగతం మేడం. ప్యాకేజీలనే ఉంటది. సిగ్గుపడకుండ్రి," అన్నాడు నవతతో.

నాగరాజు అప్పటికే చెప్పులు విడిచాడు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల నడుమ నిలబడి నిలబడి ఉబ్బిన నరాల కాళ్లను ముందుకు పెట్టి, భార్య వైపు తిరిగి నవ్వాడు.

"లగ్గం నాడు మీ బాపు కడిగిండు. మళ్ల గిప్పుడే."

నవత నవ్వలేదు. కరీంనగర్‌లో కూలర్ కొన్నందుకు లక్కీ డ్రాలో తగిలిన ప్రయాణం ఇది. గోదారి మీద మూడు రోజులు. టికెట్టు చేతికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఒకటే మాట అంటోంది, ఊరికే ఇచ్చేటోడు ఎవడుంటడు అని. రేవులోకి వచ్చాక లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటే తీసి జిప్పులు లాగి చూసింది. రెండింటికి జిప్పు పట్టలేదు. పట్టినవి మూడు ఏరి పక్కన పెట్టుకుంది.

శ్రీనిత వంతు వచ్చింది. వాళ్ల అయిదేళ్ల కూతురు. పాదాల మీద నీళ్లు పడగానే కిలకిలా నవ్వింది. ముసలామె చెంబు కింద పెట్టింది. పిల్ల వేసుకున్న నీలం గౌనును చూసింది. తడి చేతిని కొంగుకు తుడుచుకొని, గౌను అంచు పట్టుకొని పైకి మడిచి, లోపలి వైపు చూసింది. తర్వాత పడవలో చక్రం దగ్గర ఉన్న మనిషితో తన భాషలో ఏదో అంది. అతను పిల్ల వైపు చూసి తల ఊపాడు.

నవత పిల్లను లాక్కుంది. తన కాళ్ల మీద నీళ్లు పోయించుకోకుండానే చెక్క ఎక్కింది.

"భీంబాయీ!" శ్యాంసుందర్ గొంతు వెనక నుంచి వినిపించింది. పడవ ముక్కు మీద పసుపు మరక చూపిస్తున్నాడు. "మళ్ల పెట్టినవా? పూజలు గీజలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పోయినసారి నిమ్మకాయ చూసి గా డాక్టరమ్మ దిగిపోతనన్నది. తుడువు, తుడువు. గెస్టులు పరేషానైతరు."

ముసలామె నీళ్లలోకి దిగి, కొంగుతో పసుపు తుడిచేసింది. కొంగు పచ్చగా అయింది.

పడవలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నిజామాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురు పాటలు పెట్టుకొని ముందు వరుసలో కూచున్నారు. నవత పక్కన మెట్‌పల్లి నుంచి వచ్చిన అనసూర్య, ఆమె భర్త ముత్తయ్య. మస్కట్‌లో ఉన్న కొడుకు బుక్ చేశాడని, ఇంట్లో కూచుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని పంపాడని, కూచున్న కాసేపట్లోనే అనసూర్య అంతా చెప్పేసింది. తర్వాత నవత వైపు ఒంగింది.

"సూసినవా బిడ్డా? నీ పిల్లను ఎట్ల ఎగాదిగ సూసిందో ముసల్ది. నా కాళ్ల మీదైతే గిన్ని నీళ్లు చిలకరిచ్చి ఇడిసిపెట్టింది."

"సూసిన పెద్దమ్మా."

"పిల్లను జర దగ్గర ఉంచుకో. గీ అడివోళ్ల సంగతి మనకెర్కలేదు."

"నీకెర్క లేనిది ఏమన్న ఉన్నదా?" అన్నాడు ముత్తయ్య ఫోన్లోంచి తల ఎత్తకుండా.

*

పడవ ఎదురెక్కుతూ పోయింది. ఒడ్లు దూరమైపోయి, నీళ్లు చెరువులా నిలిచిపోయిన చోట, తల తెగిన తాటిచెట్లు మొండేలతో నీళ్లలోంచి పైకి కనిపించాయి. పడవ నడిపే లింగు వేగం తగ్గించి వాటి నడుమ నుంచి మెల్లగా పోనిచ్చాడు. వెనక వంట దగ్గర ఉన్న భీంబాయి లేచి వచ్చి, పడవ అంచు మీదుగా చెయ్యి ముంచి, దోసిట్లో నీళ్లు తీసి మళ్లీ వదిలింది.

"గక్కడ ఏమున్నది?" నవత శ్యాంసుందర్‌ను అడిగింది.

"కింద ఊరుండె మేడం. ప్రాజెక్టుల పోయింది. వీళ్లదే. ఫొటో దిగుతరా? తాటిచెట్ల ముంగట మస్తొస్తది."

వంట పడవ వెనక భాగంలో, నీలం పట్టా చాటున. జొన్నరొట్టె చరుస్తున్న చప్పుడు ఒక లెక్క ప్రకారం వస్తోంది. ఊరికే కూచోవడం చేతగాక నవత అక్కడికి పోయింది. ఇంటి దగ్గర ఈ వేళకు ఆమె చేతులు కండెలు చుడుతూనో, లంగాలు కుడుతూనో ఉంటాయి. భీంబాయి రెండు అరచేతుల నడుమ పిండిని తిప్పుతోంది. పీట వాడటం లేదు. చేతి తడికే రొట్టె పెద్దదవుతోంది. నవత కూచుని ఉల్లిగడ్డల పళ్లెం దగ్గరికి లాక్కోబోయింది. భీంబాయి తల అడ్డంగా ఊపి, పళ్లేన్ని తన మోకాలి కిందికి జరుపుకొంది. తిండికి పడవ ఆపి వచ్చిన లింగు అక్కడే నిలబడి ఉన్నాడు. ఇద్దరూ తమ భాషలో రెండు మాటలు అనుకొని ఊరుకున్నారు. ఆ రెండు మాటలూ తన గురించేనని నవతకు అనిపించింది. లేచి వచ్చేసింది.

తిన్నాక ఎండకు అందరికీ కునుకు పట్టింది. నవత చాప మీద పిల్లను పక్కన వేసుకొని పడుకుంది. కళ్లు తెరిచేసరికి భీంబాయి పిల్ల తల దగ్గర కూచుని ఉంది. చేతిలో వెడల్పాటి టేకు ఆకు, దాంతో విసురుతోంది. నడుముకు చేపలు కోసే చిన్న కత్తి దోపుకొని ఉంది. పిల్ల నిద్రలో ఉంది.

నవత దిగ్గున లేచింది.

"పండుకో బాయీ," అంది భీంబాయి. ఆకును చాప మీద పెట్టి పోయింది.

సాయంత్రం అడవి ఒడ్డున పడవ ఆగింది. టేకు చెట్ల కింద గుడారాలు వేసి ఉన్నాయి. కొంచెం దూరంలో గూడెం, గూడెంలోంచి పొగ. ఫోన్లలో సిగ్నల్ లేదని నిజామాబాద్ కుర్రాళ్లు చేతులు పైకెత్తి అటూ ఇటూ తిరుగుతున్నారు. నవత పిల్లకు బట్టలు మార్చి, గౌను దులిపి మడవబోయి ఆగింది.

అది ఆమె కుట్టిన గౌను. చీర ముక్కతో కుట్టింది. పిల్ల పెరిగితే విప్పి పొడుగు చేయవచ్చని అంచును లోపలికి రెండు వేళ్ల మందం మడిచి కుట్టింది. ఆ మడతలో ఒకచోట వేలెడు ముక్క లేదు. బయటికి ఏమీ కనపడదు. లోపల మాత్రం కుట్టు తెగి, దారం కొసలు పైకి లేచాయి. ఆమె ఆ కొసలను వేళ్ల మధ్య నలిపి చూసింది. లాగితే తెగిన దారం కొస పీచులా విచ్చుకుంటుంది. ఇవి విచ్చుకోలేదు. కత్తితో కోసినవి.

నాగరాజుకు చూపించింది.

"ముల్లుకు పట్టుకొనుంటది," అన్నాడు.

"ముల్లు గింత సక్కగ కోస్తదా?"

"నీదంత గంతే నవతా. సాంచ మోగితే అనుమానం, ఆగితే అనుమానం. మూడు దినాలు జర నిమ్మలంగ ఉండరాదు?"

నవత గౌనును సంచి అడుగున పెట్టి, దాని మీద మిగతా బట్టలన్నీ పెట్టింది.

*

రెండో రోజు మధ్యాహ్నానికి శ్రీనిత ఒళ్లు వెచ్చబడింది. పొద్దున్నంతా ఎండలో పడవ ముక్కు దగ్గర కూచుంది, నిజామాబాద్ కుర్రాళ్లు ఇచ్చిన కూల్‌డ్రింక్ సీసా మొత్తం తాగింది. నాగరాజు సంచిలోంచి జ్వరం మందు తీసి మూతతో పోశాడు. "ఎండకు గంతే," అన్నాడు. నవత తడి తువ్వాలుతో పిల్ల మెడ, చంకలు తుడుస్తూ కూచుంది.

భీంబాయి ఒక గిన్నెలో ఏదో తెచ్చింది. పల్చటి జావ, మీద ఒక ఆకు తేలుతోంది. పిల్ల వైపు చూపించి, తాగించమని సైగ చేసింది. నవత గిన్నె అందుకుంది. భీంబాయి అటు తిరగగానే పడవ అంచు మీదుగా ఒంపేసింది. ఒంపి తల తిప్పేసరికి భీంబాయి ఆమెనే చూస్తోంది. ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాపి, తీసుకొని పోయింది.

అనసూర్య కుర్చీ దగ్గరికి జరుపుకొంది.

"మంచి పని చేసినవ్. నేనైతే గిన్నె గూడ పారేస్తుంటి." గొంతు తగ్గించింది. "మా మేనకోడలు బిడ్డ గిట్లనే. దినం తప్పి దినం జరం. దవఖానల తిరిగిన్రు, ఏం లేదన్నరు. ఆఖరికి పక్కింటి ముసల్ది బాణామతి చేసిందని తేలింది. వాళ్లకేం గావాలె బిడ్డా? ఒక ఎంటిక, ఒక గోరు, ఒక గుడ్డ పీలిక. గివి దొరికితే సాలు."

నవత తువ్వాలు పిండుతున్నదల్లా ఆగిపోయింది. గౌను సంగతి ఆమె అనసూర్యకు చెప్పలేదు.

"ఏమైంది?"

నవత తువ్వాలును మళ్లీ నీళ్లలో ముంచింది, పిండింది, పిల్ల నుదుటి మీద పరిచింది. బాణామతి అనే మాటను ఆమె నమ్ముతుందో లేదో ఆమెకే తెలియదు. చిన్నప్పుడు బళ్లో సారు అదంతా అబద్ధమని చెప్పాడు. బళ్లోంచి ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఒక ఇంటి ముందు పిల్లలంతా ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాళ్లు. ఆమె కూడా పరుగెత్తేది.

"మా పిల్ల గౌనుది కోసిన్రు పెద్దమ్మా," అంది.

అంతే అంది. అనసూర్య ముక్కు మీద వేలు వేసుకుంది.

సాయంత్రానికి జ్వరం తగ్గింది. పిల్ల రొట్టె తుంచుకొని తింది. అయినా అప్పటికే కుర్చీల వరుసలో మాటలు ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతున్నాయి. నిజామాబాద్ కుర్రాళ్లు పాటలు ఆపేశారు. భీంబాయి రొట్టెలు పంచడానికి వస్తే ఇద్దరు వద్దని చేతులు అడ్డం పెట్టారు.

*

మూడో రోజు తెల్లవారుజామున నవత లేచి గుడారం బయటికి వచ్చేసరికి అందరూ పడవ ముక్కు దగ్గర ఉన్నారు. ఒడ్డుకు తగలకుండా కట్టిన పాత టైరు చాటున, ఇనుప కడియానికి కట్టి ఉన్న గుడ్డ పీలికను ఒక కుర్రాడు కట్టెతో పైకి ఎత్తి చూపిస్తున్నాడు. పసుపు రాసిన నీలం గుడ్డ.

శ్యాంసుందర్ దాన్ని తెంపి చేతిలోకి తీసుకున్నాడు. కడియానికి కట్టిన దారమే తెగింది, పీలికకు వేసిన ముడి అలాగే ఉంది.

"మేడం, మీ పాప గౌనుదేనా ఇది?"

పసుపు కింద ఆమె వేసిన కుట్టు రంధ్రాలు వరసగా కనిపించాయి.

"మాదే," అంది.

భీంబాయిని పిలిచారు. వంట దగ్గర నుంచి పిండి చేతులతోనే వచ్చింది. నడుముకు కట్టుకున్న సంచి విప్పమన్నారు. విప్పింది. చెంచాడు బియ్యం, ఒక పసుపు కొమ్ము, పొగాకు డబ్బా. ముత్తయ్య ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఇగో, బియ్యం. ఇగో, పసుపు. మొఖం ఇటు తిప్పు ముసల్దానా," అంటున్నాడు.

భీంబాయి ఫోన్ వైపు చూడలేదు. నవత వైపు చూసింది. "గా ముడి... ఉండాలె బాయీ. ఒడ్డుకు పోయినంక... తల్లి..." తెలుగు మాటలు అందక ఆమె తన భాషలోకి పోయింది. చేతులతో ఏదో విప్పుతున్నట్టు చూపించింది.

"మంత్రం సదువుతుంది!" అన్నాడు ఒక కుర్రాడు. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. నవత కూడా వేసింది.

లింగు చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి.

"నువ్వు గీడనే ఉండు," అన్నాడు శ్యాంసుందర్ భీంబాయితో. "బోటెక్కకు మళ్ల. నా పొట్ట గొడుతున్నవ్ నువ్వు." పీలికను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పోలీసోళ్లు అడిగితే ఉంటది."

పడవ కదిలింది. భీంబాయి ఒడ్డు వెంబడి నడవడం మొదలుపెట్టింది. రాళ్ల మీద, తుప్పల నడుమ, పిండి ఆరిన చేతులు దూరంగా పెట్టుకొని, పడవతో సమానంగా. ఒక వాగు వచ్చి గోదాట్లో కలిసే చోట ఆగిపోయింది. అక్కడ నిలబడి చెయ్యి పైకెత్తి వేళ్లు తిప్పుతోంది, మళ్లీ మళ్లీ.

"శాపం పెడుతుంది. మొఖం తిప్పుకో బిడ్డా," అంది అనసూర్య.

నవత తిప్పుకుంది.

"సిగ్నల్ రాని," అంటున్నాడు ముత్తయ్య. "మెట్‌పల్లి గ్రూపుల ఏస్తా, మంచిర్యాల గ్రూపుల ఏస్తా. గిట్లాటోళ్ల మొఖం పది మందికి ఎరుక గావాలె."

*

తాటిచెట్ల మొండేలు కనిపించే వేళకు శ్రీనిత పూర్తిగా తేరుకుంది. కుర్చీల నడుమ గెంతుతూ పోయి వంట పట్టా ఎత్తి చూసి వచ్చింది.

"అమ్మా, అవ్వ ఏది?"

"ఏ అవ్వ?"

"రొట్టెల అవ్వ."

"రాలే. నువ్వు కూసో."

పిల్ల కూచుని కాళ్లు ఊపింది. "అవ్వ మంచిది. నా గౌను కోసేటప్పుడు నన్ను అడిగింది."

నవత చెయ్యి పిల్ల భుజం మీద ఆగింది. "ఏమని అడిగింది?"

"కత్తి సూపెట్టి గిట్ల అన్నది," పిల్ల కనుబొమలు ఎగరేసి తల ఊపి చూపించింది. "నేను లోపట కోసుకో అన్న. బయట కోస్తే మా అమ్మ కొడుతది అన్న. లోపటనే కోసింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే గద."

నవత లేచి చక్రం దగ్గరికి పోయింది. లింగు ఆమెను చూసి కళ్లు నీళ్ల మీదికి తిప్పుకున్నాడు. నడివయసు మనిషి.

"అన్నా, గా పీలిక ఏంది?"

అతను మొండేల నడుమ నుంచి పడవను తప్పించాడు.

"పడవల అందరికన్న చిన్నగ ఎవరుంటే వాళ్ల గుడ్డ కడతం అక్కా. జాతరకు గోదారి దాటేటప్పుడు మా ఇంట్ల ముందుగాల నుంచి ఉన్నదే. నీళ్లకు చెప్పుడన్నట్టు. గీ పిల్ల మాది, మళ్ల తీస్కపోతం అని. ఒడ్డుకు చేరినంక తల్లి చేతుల పెడతం. తల్లి ముడి ఇప్పాలె. ఇప్పితే అయిపాయె. గామె మా మేనత్త. ఇన్నేండ్ల సంది ఒక్క పడవ గూడ ఇడువలే. సార్ వద్దన్నంక సాటుంగ కడుతుంది."

"పొద్దుగాల నువ్వెందుకు చెప్పలే మరి?"

"చెప్తే నేను గూడ ఒడ్డు మీద ఉందును." అతను మొదటిసారి ఆమె వైపు చూశాడు. "నువ్వెందుకు అడగలే అక్కా?"

ఇంజిను చప్పుడు ఇద్దరి నడుమ సాగింది.

"పోయినేడు మా పక్క గూడెంల ఒకామెను గిట్లనే అన్నరు," అన్నాడు లింగు. "ఫోన్లల్ల తిరిగింది. గూడెపోళ్లే తలుపు మీద రాళ్లేసిన్రు. ఇల్లు ఇడిసిపెట్టి పోయింది. యాడున్నదో ఎవరికెరుకలే. మా అత్త ఒక్కతే ఉంటది గుడిసెల."

ముందు వరుసలో ఒక ఫోన్ టింగుమంది. తర్వాత ఇంకొకటి. "ఒచ్చింది, ఒచ్చింది," అని కుర్రాళ్లు కుర్చీల్లోంచి లేచారు. ముత్తయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు.

నవత చక్రం దగ్గర నుంచి కుర్చీల వరుస దాకా నడిచింది. పిల్ల చెప్పింది చెబితే ఏమంటారో ఆమెకు తెలుసు. పిల్లను వశం చేసుకుంది అంటారు. పిల్లకు అంటుకుంది అంటారు. లింగు చెప్పింది చెబితే లింగును దించేస్తారు. ముత్తయ్య ముందు నిలబడింది. పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడిన అలవాటు లేదు ఆమెకు.

"గా గుడ్డ నేనే ఇచ్చిన," అంది.

ముత్తయ్య బొటనవేలు ఫోన్ మీద ఆగింది. శ్యాంసుందర్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంది మేడం?"

"నేనే కోసిచ్చిన. పిల్ల సల్లగుండాలె, కట్టుమని నేనే అన్న. ఆమె తప్పు లేదు."

"మరి నిన్న నాకేం చెప్పినవ్?" అనసూర్య గొంతు లేచింది. "కోసిన్రు అన్నవా లేదా? నోటికి తాళమేసుకున్నదానివి, గదొక్క ముచ్చట చెప్పినవ్, గది గూడ అబద్ధమా?"

"లొల్లైతదని బయమైంది పెద్దమ్మా."

"బయమైతె ముసల్దాన్ని దించేదాక సూస్తవా?"

ఆ మాట సూటిగా తగిలింది. నవత తల దించుకోలేదు. ముత్తయ్య వైపే చూస్తూ అంది.

"పెట్టుండ్రి పెద్దనాయినా. కాని నా ఫొటో గూడ తియ్యుండ్రి. కట్టిచ్చింది గీమెనే అని రాయుండ్రి. సిరిసిల్ల, పద్మశాలోళ్ల కోడలని రాయుండ్రి."

ముత్తయ్య ఆమె వైపు, ఆమె మెడలో నల్లపూసల వైపు, వెనక నోరు తెరిచి నిలబడ్డ నాగరాజు వైపు చూశాడు.

"మనోళ్ల ఆడివిల్లవు. నిన్నెట్ల పెడతనమ్మా?" అన్నాడు.

"ఆమెనైతె పెడుదురా?"

శ్యాంసుందర్ ముందుకు వచ్చాడు. "తీసెయ్యుండ్రి సార్. అసలు మేడమే ఇచ్చినంక ఇంకేమున్నది? నా బోటు బదనామైతది ఉత్తగనే. మీరు గూడ తీసెయ్యుండ్రి తమ్మీ." ముత్తయ్య గొణుగుతూ ఫోన్ మీద వేలు నొక్కాడు. నవత పక్కకు జరగలేదు. బొమ్మ పోయేదాకా చూసింది. కుర్రాళ్లు తాము తీయనే లేదని ఫోన్లు తిప్పి చూపించారు.

"గా పీలిక ఇటియ్యుండ్రి," అంది శ్యాంసుందర్‌తో.

అతను జేబులోంచి తీసి రెండు వేళ్లతో అందించాడు. తర్వాత వెనక్కి కేకేశాడు. "లింగూ, రేపటి ట్రిప్పుకు మీ అత్తను రమ్మను. కొత్త మనిషిని నేనెక్కడ తెద్దు?"

"చెప్తా సార్," అన్నాడు లింగు. "వస్తదో రాదో."

*

రేవులో చెక్క వేశారు. రాగి చెంబు బోర్లించి ఓ మూల ఉంది. అందరూ దిగిపోయాక నవత పడవ ముక్కు దగ్గర కూచుని పీలిక ముడి విప్పింది. పసుపు తడికి బిగుసుకుపోయి ఉంది. కండెలో చిక్కు తీసినట్టు మొదట గోటితో వదులు చేసి, తర్వాత పంటితో పట్టి లాగింది. నోట్లోకి పసుపు చేదు వచ్చింది. ముడి విడిపోయింది.

"ఇప్పినంక ఏం జెయ్యాలె?" లింగును అడిగింది.

"ఏం లేదక్కా. ఇంటికి తీస్కపో. గౌనుకే కుట్టు."

వెళ్లేటప్పుడు ఆమె చెంబు తీసుకొని గోదాట్లో ముంచి, శ్రీనిత పాదాల మీద పోసింది. పిల్ల మళ్లీ నవ్వింది. ఒడ్డు మీద నిజామాబాద్ కుర్రాళ్లు చూస్తున్నారు. ఒకడు ఇంకొకడి మోచేతిని పొడిచాడు.

బస్సులో నాగరాజు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. లక్సెట్టిపేట బజారు దాటాక అడిగాడు.

"నిజంగ నువ్వే ఇచ్చినవా?"

"ఏమనుకుంటున్నవ్?"

"నాకేమెర్క? జావ పారబోసింది నువ్వే, గుడ్డ ఇచ్చింది నువ్వే అంటివి." అతను గొంతు తగ్గించాడు. "ఇంటికాడ మా అవ్వతోని గియ్యన్ని అనకు."

నిద్రలో ఒరిగిన పిల్లను అతను మెల్లగా ఎత్తి, నవత ఒడిలోంచి తన ఒడిలోకి మార్చుకున్నాడు.

నవత ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. అరచేతిలో పీలిక ఉంది. అనసూర్య ఆమె పక్క సీటులోంచి లేచి ఎప్పుడో ముందుకు పోయి కూచుంది. బస్సు మలుపు తిరిగినప్పుడు ఆమె ఒకసారి వెనక్కి చూసింది. నవతతో కళ్లు కలవగానే ముందుకు తిరిగింది. కాసేపటికి తన చీర కొంగు ఒళ్లోకి లాక్కుంది. దాన్ని తిరగేసి, లోపలి అంచు వెంబడి, ఈ కొస నుంచి ఆ కొస దాకా, వేలు పోనిచ్చి చూసుకుంటోంది.